గ్లాసులో భోజనం: ఒక సంవాదం

పిండి పక్షం: ఈ చర్చ మొదట్లోనే దారి తప్పుతూ ఉంటుంది. ఇంట్లో కలుపుకున్న పిండిని భోజనానికి బదులు తాగుతానని ఎవరైనా అంటే, వినేవాళ్లు దాన్ని పప్పు, కూర, పచ్చడి, పెరుగు వడ్డించిన విస్తరి పక్కన పెట్టి చూస్తారు. అక్కడ పిండి ఓడిపోక తప్పదు. కానీ పోటీ ఆ విస్తరితో కాదు. రాత్రి డ్యూటీ చేసేవాడు రెండింటికి తెప్పించుకునే బిర్యానీ పార్సిల్‌తో పోటీ. హాస్టల్ కుర్రాడు పొద్దున మానేసిన టిఫిన్‌తో, బట్టల షాపులో పన్నెండు గంటలు నిలబడే అమ్మాయి మధ్యాహ్నం సరిపెట్టుకునే టీ బిస్కెట్లతో పోటీ. ఒంటికి ఏమేమి, ఎంతెంత కావాలో ఇవాళ రహస్యమేమీ కాదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఆ లెక్కలన్నీ సవరించి ప్రకటించింది. 65 కిలోల బరువుండి కూర్చుని పనిచేసే మగవాడికి రోజుకు 2110 కేలరీలు, 54 గ్రాముల ప్రోటీన్, 1000 మిల్లీగ్రాముల కాల్షియం, 19 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. ఆడవాళ్లకు ఇనుము 29. ఇదే సంస్థ ఏనాడో హైదరాబాద్ మిక్స్ అనే పిండిని రూపొందించింది. వేయించిన గోధుమ 40 గ్రాములు, వేయించిన శనగపప్పు 16, పల్లీలు 10, బెల్లం 20. మొత్తం 86 గ్రాములు, అందులో 330 కేలరీలు, 11.3 గ్రాముల ప్రోటీన్. ఇందులో కిరాణా కొట్లో దొరకనిది ఒక్కటీ లేదు. జిమ్ముల్లో అమ్మే డబ్బాల మీద ఉండే హంగామా తీసేస్తే లోపల ఉన్న ఆలోచన ఇదే. మూకుడు, పిండిమర, ఓ మాదిరి లెక్క తెలిసిన మనిషి ఉంటే చాలు.

కంచం పక్షం: హైదరాబాద్ మిక్స్ పేరెత్తారు కాబట్టి ఆ లెక్కే పూర్తిగా వేద్దాం. 2110 కేలరీలూ దానినుంచే రావాలంటే రోజుకు 550 గ్రాములు తీసుకోవాలి. ప్రోటీన్ 72 గ్రాములు వస్తుంది, అక్కడ మీదే గెలుపు. కానీ ఆ 550 గ్రాముల్లో బెల్లమే సుమారు 128 గ్రాములు. కేలరీల్లో ఐదో వంతు దాటి తీపే. విడిగా కలిపే చక్కెరలు పదో వంతు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. పాలు లేవు కాబట్టి కాల్షియం చాలదు. సి విటమిన్ లేదు, బి12 అసలే లేదు. ఆ మిశ్రమాన్ని నేను తప్పుపట్టడం లేదు. చిక్కిపోయిన పసిపిల్లలకు ఇంటి తిండితో పాటు పెట్టడానికి పుట్టిన పిండి అది, ఆ పనికి బాగానే పనికొచ్చింది. తోడుగా ఇచ్చినదాన్ని బదులుగా నిలబెట్టాలనుకోవడం దగ్గరే నా అభ్యంతరం. తోడుగా ఉన్నంతకాలం పిండిలో లేనిది కంచంలో దొరుకుతుంది. బదులుగా పెట్టాక దానిలో లేనిది ఇంకెక్కడా ఉండదు. అమెరికాలో రాబ్ రైన్‌హార్ట్ అనే సాఫ్ట్‌వేర్ ఇంజనీరు 2013లో ఇలాగే అంగట్లో దొరికే పొడులు, నూనెలు కలిపి తాగి, తిండి మానేశానని లోకానికి ప్రకటించాడు. దానికి సోయ్‌లెంట్ అని పేరు పెట్టాడు. మొదటి మిశ్రమంలో ఇనుము వేయడమే మరిచిపోయాడు. గుండె దడదడలాడితే అప్పుడు తెలిసింది. ఆ తర్వాత గంధకం చాలలేదని మళ్లీ సవరించుకున్నాడు. ఆయన తెలివితక్కువవాడు కాదు, పుస్తకాలు చదివే పనిలోకి దిగాడు. జాబితా చూసి కలిపేవాడికి జాబితాలో ఏది తప్పిపోయిందో చెప్పేది చివరికి అతని ఒళ్లే.

పిండి పక్షం: ఆ కథను సగంలో ఆపేశారు. ఇనుము చేర్చాక మిశ్రమం కుదిరింది. లోపం బయటపడింది, దిద్దుకున్నారు. పోషకాల జాబితా మొత్తం అలా పుట్టిందే కదా. 1930 ప్రాంతంలో బొంబాయి మిల్లుల్లో పనిచేసే గర్భిణుల రక్తహీనతను లూసీ విల్స్ ఈస్ట్ సారంతో నయం చేస్తే, అందులో దాగిన పదార్థం ఏమిటని వెతుకుతూ పోయారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపించిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసి చూపించింది. 1948లో బి12 విడిగా చేతికొచ్చింది. ఆ తర్వాత మనిషికి కొత్త విటమిన్ ఏదీ కనిపెట్టలేదు. ఇన్నేళ్లలో ఇంకొకటి దొరకలేదంటే జాబితా దాదాపు నిండిందనే అర్థం. 1965లో విడివిడి రసాయనాలతో కూర్చిన ద్రవాహారం మీద కాలిఫోర్నియా జైల్లోని వాలంటీర్లు పంతొమ్మిది వారాలు బతికారు. 1968 నాటికి స్టాన్లీ డుడ్రిక్ రక్తనాళం గుండా పోషకాలు ఎక్కించి, పేగులు పనిచేయని పసిపాపను పెంచగలనని చూపించారు. ఇవాళ ఆసుపత్రుల్లో ముక్కు గొట్టం ద్వారా నెలల తరబడి పిండి ద్రవంతోనే బతుకుతున్నవాళ్లు ఉన్నారు. కాబట్టి మనిషి పిండి మీద బతకగలడా అన్న ప్రశ్న తీరిపోయింది. అది ఇంట్లో, తక్కువ ఖర్చుతో సాధ్యమా అన్నదే మిగిలింది. బెల్లం విషయంలో మీరన్నది ఒప్పుకుంటాను. అది తీసేసి ఒక్క పూటకు ఇలా కలపండి: మొలకెత్తించి ఎండబెట్టిన రాగులు 40 గ్రాములు, గోధుమలు 40, పుట్నాలపప్పు 30, పల్లీలు 20, వెన్న తీసిన పాలపొడి 20, నువ్వులు, అవిసె గింజలు చెరో 5. మొత్తం 160 గ్రాములు. కేలరీలు 600 చేరువలో, ప్రోటీన్ 25 గ్రాముల పైన, కాల్షియం రోజుకు కావలసినదాంట్లో సగం దాకా వస్తాయి. ధాన్యంలో తక్కువపడే లైసిన్ పప్పులో ఉంటుంది, పప్పులో తక్కువపడే మెథియోనిన్ ధాన్యంలోనూ నువ్వుల్లోనూ ఉంటుంది. ఖర్చులో పెద్ద పాలు పాలపొడిదే. మిగతావన్నీ సంచుల్లో కొనే సరుకులు.

కంచం పక్షం: మిశ్రమం బాగుంది. ఒక పూటకైతే నాకు దానితో పెద్ద గొడవ లేదు. కానీ మీరు సాక్ష్యానికి పిలిచిన వాళ్లే మీకు ఎదురు చెబుతారు. డుడ్రిక్ పద్ధతిలో ఏళ్ల తరబడి బతికిన రోగులకు ఏం జరిగిందో చూడండి. 1970ల్లో ఒకరి చర్మం పాడైపోతే జింకు లేదని తేలింది. ఒకరికి చక్కెర అదుపు తప్పి నరాలు దెబ్బతింటే క్రోమియం లేదని తేలింది. ఇంకొకరి కండరాలు నొప్పి పుడితే సెలీనియం లేదని తేలింది. విటమిన్లు 1948తో ముగిశాయి గానీ ఖనిజాల పాఠం రోగుల మంచాల దగ్గర ఆ తర్వాత ముప్ఫై ఏళ్లు సాగింది. మరి కర్మాగారాల మాటో? 1979లో అమెరికాలో ఒక కంపెనీ సోయా పాలపొడిలో క్లోరైడ్ తగ్గిపోయి పసివాళ్లు ఎదగక జబ్బుపడ్డారు. ఆ దెబ్బకు 1980లో అక్కడ పసిపిల్లల పాలపొడుల మీద ప్రత్యేక చట్టమే వచ్చింది. 2003లో ఇజ్రాయెల్‌లో అమ్మిన ఒక సోయా పొడిలో థయామిన్ లేకపోవడంతో పసివాళ్లు చనిపోయారు. వాటి వెనుక ప్రయోగశాలలూ రసాయన శాస్త్రజ్ఞులూ ఉన్నారు. ఒక్క పదార్థం తప్పింది, అంతే. అదీగాక కాగితం మీద లెక్క వేరు, పేగుల్లో లెక్క వేరు. రాగుల్లో, పప్పుల్లో ఉండే ఫైటేట్ ఇనుమునూ జింకునూ పట్టి ఉంచేస్తుంది. పట్టికలో ఏడు మిల్లీగ్రాములుంటే రక్తంలోకి చేరేది అందులో చిన్న భాగం. నిమ్మకాయ పిండిన పప్పుచారులో సి విటమిన్ ఆ ఇనుమును లాక్కొస్తుంది. వేయించి, ఎండబెట్టి, మర పట్టించిన పిండిలో సి విటమిన్ మిగలదు. అయోడిన్ సంగతి ఇంకా చిత్రం. దుకాణంలో కొనే అయోడైజ్డ్ ఉప్పులో కనీసం 15 పీపీఎం ఉండాలి. రోజుకు ఐదు గ్రాముల ఉప్పు తింటే 75 మైక్రోగ్రాములు, కావలసిన 150లో సగం, దాని నుంచే వస్తుంది. మీ మిశ్రమాన్ని పాలల్లో కలుపుకుని తియ్యగా తాగేవాడికి ఆ సగం సున్నా. ఉప్పు మానేశాననుకుంటాడు గానీ అయోడిన్ మానేశానని అతనికి తోచదు.

పిండి పక్షం: మీరు చెప్పిన ప్రతి విషాదంలోనూ ఒక షరతు ఉంది, గమనించారా? పసిపిల్లలు, లేదా రక్తనాళం తప్ప వేరే దారి లేని రోగులు. వాళ్లకు ఆ పొడి ఒక్కటే తిండి. పెద్దవాడు రోజులో ఒక పూటో రెండు పూటలో పిండి తాగి, మిగతా పూట అన్నం తింటే ఆ ఒక్క పూటలోనే నిమ్మకాయా, ఉప్పూ, ఆకుకూరా వస్తాయి. నేను మూడు పూటలూ పిండే అనడం లేదు. మీ ఉదాహరణలు మూడు పూటల వాడిని ఓడిస్తాయి, నన్ను కాదు. ఇప్పుడు మీ కంచం సంగతి చూద్దాం. పిండిని పరీక్షకు నిలబెట్టినంత కచ్చితంగా కంచాన్ని ఎవరూ నిలబెట్టరు, అదేదో తాతలనాటి నుంచి సంపూర్ణంగా వస్తున్నట్టు. మరలో తెల్లగా పట్టించిన బియ్యమే తిన్న ఉత్తర సర్కారు జిల్లాల్లో బెరిబెరి పాతుకుపోయి ఉండేది. మెకారిసన్ బృందం 1920ల్లో దాని మీద పరిశోధించింది. జొన్నే ప్రధానంగా తిన్న దక్కన్ పీఠభూమి పేదల్లో పెల్లాగ్రా కనిపించింది. సి. గోపాలన్, శ్రీకాంతయ్య 1960లో దానిని జొన్నలోని లూసిన్‌తో ముడిపెట్టారు. అవన్నీ ఇంట్లో వండిన, అమ్మ వడ్డించిన, ఎవరూ అనుమానించని భోజనాలే. పాత కథలని కొట్టిపారేయకండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో దేశమంతటా 57 శాతానికి రక్తహీనత. ఆంధ్రప్రదేశ్‌లో 58.8, తెలంగాణలో 57.6. ఈ ఆడవాళ్లెవరూ పిండి తాగి బతుకుతున్నవాళ్లు కారు. కంచం ముందు కూర్చున్నవాళ్లే, చాలాసార్లు అందరూ తిన్నాక ఆఖర్న కూర్చున్నవాళ్లు. కొలిచి పోసిన గ్లాసులో ఒక న్యాయం ఉంది: ఇంటి కోడలి గ్లాసులోనూ అంతే పిండి, కొడుకు గ్లాసులోనూ అంతే.

కంచం పక్షం: ఆఖరి మాట నన్ను ఆపింది. కొలత సమానం చేస్తుందన్నది నిజం, అన్నం గిన్నె చేయలేని పని అది. దాన్ని ఒప్పుకుంటాను. కానీ కంచం విఫలమైన చోట పిండిని పంపడం మనకు కొత్త కాదు, దాని ఫలితమూ మనకు తెలుసు. మైసూరులోని కేంద్ర ఆహార పరిశోధన సంస్థ నూనె తీసిన వేరుశనగ పిండి 75 పాళ్లు, శనగపిండి 25 పాళ్లు కలిపి, విటమిన్లూ కాల్షియమూ జోడించి బహుళ ప్రయోజన ఆహారమని తయారుచేసింది. గ్వాటెమాలాలో మొక్కజొన్న, పత్తిగింజల పిండితో ఇన్‌కాపరీనా వచ్చింది. ప్రపంచానికి ప్రోటీన్ కరువొచ్చిందని ఐక్యరాజ్యసమితి దాకా గగ్గోలు పెట్టారు. ఆ రోజుల్లోనే గోపాలన్ ఇక్కడి పిల్లల తిండిని కొలిచి చూసి, వాళ్లకు తక్కువైంది ముందు ప్రోటీన్ కాదు, అసలు తిండే, కేలరీలే అని చెప్పారు. మామూలు అన్నం పప్పు కడుపునిండా దొరికితే ప్రోటీన్ లోటూ చాలావరకు తీరుతుందని తేలింది. 1974లో డొనాల్డ్ మెక్లారెన్ లాన్సెట్ పత్రికలో ఆ ప్రోటీన్ గొడవనంతా పెద్ద అపజయంగా లెక్కగట్టి రాశారు. పిండి లేక పిల్లలు చిక్కిపోలేదు, తిండే చాలక చిక్కిపోయారు. మీ పట్టికకు ఆ కారణం కనబడదు. రక్తహీనత కూడా అంతే. ఆఖర్న తినే ఆడమనిషికి పిండి గ్లాసు ఇస్తే ఆమె ఇప్పుడు అన్నం బదులు పిండి ఆఖర్న తాగుతుంది.

ఇంకోటి, పిండిని ఏకధాటిగా వాడేవాళ్లకు సంబంధించినది. ఒకే సంచి పల్లీలు రోజూ తినేవాడు ఆ సంచిలో ఏముంటే దాన్ని రోజూ తింటాడు. 1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు గ్రామాల్లో బూజు పట్టిన మొక్కజొన్న తిని వందమందికి పైగా చనిపోయారు. అఫ్లటాక్సిన్ అది. పల్లీల్లో చేరే విషమూ అదే, వేయిస్తే పూర్తిగా పోదు. కేసరి పప్పు రోజూ తిన్న మధ్యభారతపు కూలీల కాళ్లు పడిపోయాయి. అప్పుడప్పుడు తిన్నవాళ్లకు ఏమీ కాలేదు. రకరకాలుగా తినడంలో ఉన్న రక్షణ ఇదే: ఏ ఒక్క విషమూ మోతాదుకు చేరదు. ఏ ఒక్క లోటూ నెలల తరబడి నిలవదు. రోజూ ఒకే మిశ్రమం తాగేవాడు ఆ రక్షణను వదులుకుంటున్నాడు, అది పట్టికలో ఏ గడిలోనూ కనబడదు.

పిండి పక్షం: అఫ్లటాక్సిన్ గురించి చెప్పింది నేను చేసే పద్ధతికి పనికొచ్చే మాట, వ్యతిరేకమైన మాట కాదు. పల్లీలు పొట్టుతో కొని, ముడుచుకున్నవీ రంగు మారినవీ బూజు వాసన వేసేవీ ఏరి పారేయాలి. పొడిగా కొనకూడదు, ఎందుకంటే పొడిలో ఏరడానికి ఏమీ ఉండదు. పది రోజులకు సరిపడా మాత్రమే పట్టించాలి. అవిసె గింజలు, నువ్వులు ముందే కలపకుండా వేరే సీసాలో ఉంచి తాగేముందు వేసుకోవాలి, లేకపోతే నూనె ముక్కిపోయి పిండంతా కంపు కొడుతుంది. ఒకసారి రాగి, ఇంకోసారి జొన్న, సజ్జ. ఒకసారి పల్లీ, ఇంకోసారి సోయా. మిశ్రమం ఒకటే ఉండాలని ఎవరన్నారు? చట్రం ఒకటే, సరుకు మారుతుంది. మొలకెత్తించిన రాగి, గోధుమల్లో ఫైటేట్ కొంత తగ్గుతుంది. జావ చిక్కబడదు కూడా, కాబట్టి ఒకే గ్లాసులో ఎక్కువ పిండి పడుతుంది. ఇవి మన ఊళ్లలో రాగిమాల్ట్ చేసే ప్రతివారికీ తెలిసిన పనులే.

కంచం పక్షం: సూక్ష్మపోషకాల మాటేమిటి? మీరు చెప్పిన 160 గ్రాముల్లో బి12, డి, సి, అయోడిన్ లోటు అలాగే ఉంది. సంపూర్ణం కావాలనుకునేవాళ్లు ఇక్కడే ఆన్‌లైన్‌లో విటమిన్ పొడులు, పొటాషియం క్లోరైడ్, సెలీనియం కొని ఇంట్లో తూకం వేయడం మొదలుపెడతారు. గ్రాములు తూచే వంటింటి తక్కెడలో మైక్రోగ్రాములు తూగవు. 2008లో అమెరికాలో ఒక ద్రవరూప పోషక మందులో సెలీనియం సీసా మీద రాసినదానికి దాదాపు రెండువందల రెట్లు పడింది. రెండువందల మందికి పైగా జుట్టు రాలి, గోళ్లు ఊడి, విరేచనాలతో మంచం పట్టారు. అది కర్మాగారంలో జరిగిన పొరపాటు. వంటింట్లో డబ్బా ఊపి కలిపితే అడుగున ఎంత చేరిందో, మొదటి చెంచాలో ఎంత వచ్చిందో ఎవరు చెప్పగలరు?

పిండి పక్షం: ఎవరూ చెప్పలేరు. అందుకే కలపకూడదంటాను. ఇంటి పిండిలోకి ధాన్యం, పప్పు, గింజలు, పాలపొడి తప్ప ఇంకే పొడీ రాకూడదు. బి12 లోటుకు గుడ్డో పెరుగో, శాకాహారం మాత్రమే తినేవారికి డాక్టరు రాసిన మాత్ర. సి విటమిన్‌కు జామకాయ, అది ఏ పొడికన్నా చవక. డి విటమిన్ సంగతి కంచం కూడా తేల్చలేదు, అది పిండి మీద వేయాల్సిన నేరం కాదు. పొటాషియం క్లోరైడ్‌ను వంటింట్లో తూచడం ప్రాణాంతకం కావచ్చన్నది నూరుపాళ్లూ నిజం, ఆ దారి నాది కాదు.

కంచం పక్షం: అప్పుడు మీ పిండి సంపూర్ణం కాదు. మాత్ర, జామకాయ, గుడ్డు, పక్క పూట అన్నం, అన్నీ కలిస్తేనే సంపూర్ణం. ఇంతసేపూ నేనన్నదీ అదే. మీరు నా వైపు నడిచి వస్తూనే మీ జెండా మాత్రం దించడం లేదు.

పిండి పక్షం: దించను, ఎందుకంటే మీ కంచమూ ఒక్కటిగా సంపూర్ణం కాదు. అది పాస్ కావాలని మీరెప్పుడూ అడగలేదు. వారంలో ఏడు రోజులూ ఆకుకూర, పప్పు, పాలు, పండు ఉండే కంచం ఎంతమందికి ఉందో ఇందాకటి సర్వేనే చెబుతోంది. పిండికి ఉన్న బలం ఇంకొకటి ఉంది. అది తినేవాడి సంకల్పం మీద ఆధారపడదు. 2017లో లాన్సెట్‌లో వచ్చిన బ్రిటిష్ అధ్యయనంలో టైప్ 2 మధుమేహులకు మూడు నుంచి ఐదు నెలలు రోజుకు దాదాపు 850 కేలరీల పొడి ద్రవాలే ఇచ్చి, ఆ తర్వాత మెల్లగా తిండికి మార్చారు. ఏడాది తర్వాత 46 శాతం మందికి మందులు లేకుండానే చక్కెర అదుపులోకి వచ్చింది. మామూలు వైద్యం పొందినవాళ్లలో 4 శాతం. ఏం తినాలా అన్న నిర్ణయాన్ని రోజుకు మూడుసార్లు తీసుకునే భారం తొలగిస్తే ఏం జరుగుతుందో అది చూపిస్తోంది.

కంచం పక్షం: ఆ 46 శాతం వెనుక డాక్టర్లు, పరీక్షలు, అన్నీ కలిపి తయారుచేసిన కర్మాగారపు పొడి ఉన్నాయి. అవి లేకుండా అదే ఆలోచన ఎక్కడికి వెళ్లిందో కూడా చూడండి. 1976లో అమెరికాలో ఒక డాక్టరు రాసిన పుస్తకంతో ద్రవ ప్రోటీన్ ఆహారం పిచ్చి పట్టుకుంది. తోళ్లు, ఎముకల్లోని కొల్లాజెన్‌ను కరిగించి చేసిన ఆ ద్రవంలో కావలసిన అమైనో ఆమ్లాలే సరిగా లేవు. నెలల తరబడి తాగినవాళ్లలో పదుల మంది గుండె ఆగి చనిపోయారు. సంకల్పం అవసరం లేని తిండి అంటే అనుమానం కూడా అవసరం లేని తిండి. పళ్లెంలో ఏదైనా తేడా ఉంటే నాలుక, ముక్కు, పొట్ట చెబుతాయి. ఇవాళ పాలకూర మీద, రేపు చేప మీద మనసు పోవడంలో పూర్తి జ్ఞానం ఉందని నేననను, కానీ ఎంతో కొంత ఉంది. నమలకుండా మింగే 600 కేలరీలు కడుపుకు 600గా తెలియవు, గంటన్నరలో మళ్లీ ఆకలేస్తుంది. అప్పుడు బిస్కెట్ ప్యాకెట్ తీస్తాడు, మీరు మాన్పించాలనుకున్న ఆ బిస్కెట్టే. పైగా ఈ పిండి వేయించేదెవరు, రాగులు మొలకెత్తించేదెవరు? చవక అని లెక్కేసేటప్పుడు ఆ గంటలు మీ కాగితం మీద లేవు. తెలంగాణ అంగన్‌వాడీల్లో ఏడు నెలల నుంచి మూడేళ్ల పిల్లలకు నెలకు రెండున్నర కిలోల బాలామృతం ఇస్తున్నారు. విటమిన్లు కలిపి, పరీక్ష చేసి, నాచారంలో కర్మాగారం తయారుచేస్తోంది. పిండి పనికొచ్చే చోట కూడా అది ప్రభుత్వం చేసిన పిండి, ఇంటి ఆడమనిషి రెండు రోజులు ఎండబెట్టి మర పట్టించిన పిండి కాదు.

పిండి పక్షం: గంటల లెక్క మీరే తెచ్చారు కాబట్టి పూర్తిగా వేయండి. పది రోజులకొకసారి చేసే పిండి పని ఒకవైపు పెట్టండి. రోజుకు రెండు పూటల వంట, గిన్నెలు తోమడం, కూరగాయలు తేవడం ఇంకోవైపు. వంట పని ఉచితమని అనుకున్నంతకాలమే కంచం చవక. ఆ పని ఎవరు చేస్తారని మీరడిగిన ప్రశ్న ముందు మీ కంచాన్నే అడగాలి. ఆకలి మళ్లీ వేస్తుందన్నది నిజమే. అందుకే మర మెత్తగా కాకుండా రవ్వగా పట్టించమంటారు, పుట్నాలు సగం పలుకుగా ఉంచమంటారు. ఇక గర్భిణులు, పిల్లలు, కిడ్నీ జబ్బున్నవాళ్లు, మధుమేహులు ఇంట్లో కలిపిన పిండి మీద ఆధారపడకూడదు, అందులో నాకు రెండో మాట లేదు. అమీర్‌పేటలో పరీక్షలకు చదువుకునే ఇరవై మూడేళ్ల వాడి సంగతి చెప్పండి. గదిలో పొయ్యి పెట్టనివ్వరు. హాస్టల్ మెస్‌లో సాంబారులో పప్పు వెతకాలి. వాడికి మీ దగ్గర ఏముంది?

కంచం పక్షం: ఐదు రూపాయల భోజనం ఉంది. హైదరాబాద్‌లో 2014 నుంచి నగరపాలక సంస్థ పెడుతోంది. ఆంధ్రప్రదేశ్‌లో అన్న క్యాంటీన్లు 2018లో మొదలై, మధ్యలో మూతపడి, 2024లో మళ్లీ తెరుచుకున్నాయి. వేడి అన్నం, కూర, సాంబారు. ఏ పిండీ ఐదు రూపాయలకు అంత కడుపు నింపదు. రెండు ఉడికిన గుడ్లు, ఒక అరటిపండు చేర్చండి, మీ 25 గ్రాముల ప్రోటీన్‌కు దగ్గరపడతాడు. పొయ్యి పెట్టనివ్వని గదికి తగ్గట్టు మనిషి తిండిని మలచడం మొదలుపెడితే, రేపు హాస్టళ్లు మెస్ కూడా ఎత్తేస్తాయి. డబ్బా పిండి ఉందిగా అంటాయి.

పిండి పక్షం: ఐదు రూపాయల భోజనంలో అధిక భాగం తెల్లన్నం. మీరు రెండు గుడ్లు చేర్చాల్సి వచ్చింది కూడా అందుకే. క్యాంటీను మూసే వేళకు వాడు తరగతిలో ఉంటాడు. గుడ్లు ఉడకబెట్టాలన్నా పొయ్యి కావాలి.

కంచం పక్షం: గుడ్లు ఉడకబెట్టి అమ్మే బండి ప్రతి సందులో ఉంది. సరే, ఒక మాట. వాడు మీ పిండిలోంచి ధాన్యం, పాలపొడి తీసేసి, పుట్నాలూ పల్లీలూ నువ్వులతో కారప్పొడి చేసుకుని ఆ ఐదు రూపాయల అన్నంలో కలుపుకుంటే? పొడి అన్నం తినని తెలుగువాడు లేడు. పిండి ఉంటుంది, కంచమూ ఉంటుంది.

పిండి పక్షం: రాజీకి అది బాగుంటుంది గానీ లెక్కకు ఆగదు. అన్నంలో కలుపుకునే రెండు చెంచాల పొడి పదిహేను గ్రాములు. ప్రోటీన్ మూడున్నర గ్రాములు. నా గ్లాసులో ఇరవై ఐదు దాటి ఉంది. మిగిలిన ఇరవై ఒకటిన్నర ఎక్కడినుంచి తెస్తారో చెప్పండి, పిండి డబ్బా మూత పెట్టేస్తాను.

కంచం పక్షం: ఆ సాంబారులో పప్పు పోయించి తెస్తాను. దానికి క్యాంటీను కాంట్రాక్టు చదవాలి, తూకం అడగాలి, నలుగురు కలిసి వెళ్లాలి. మీ పిండి కన్నా ఆలస్యమవుతుంది, నాకు తెలుసు.

పిండి పక్షం: ఎన్నాళ్లు ఆలస్యమవుతుంది? ఆ లోపల వాడు రాత్రికి ఏం తింటాడు?